ఎల్‌ఐసీ తాతగారు, నలుపు తెలుపు హంతకులు

ఎల్‌ఐసీ తాతగారు పోయారని మా బాబాయి ఫోన్ చేశాడు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. పెదకర్మకి ఏలూరు వెళ్ళాను. భోజనాలయ్యాక వాళ్ళబ్బాయి అటక మీంచి దించిన అట్టపెట్టె చూపించి, "నీకేమైనా పనికొస్తాయేమో చూడు, లేకపోతే పాత పేపర్లవాడికి వేసేస్తాం" అన్నాడు.

అన్నీ ఎల్‌ఐసీ డైరీలు. దీపం ఆరిపోకుండా రెండు చేతులు అడ్డం పెట్టిన బొమ్మవి. లోపల పాల లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ, బీపీ మాత్రల పేరు, మధ్యమధ్యలో ఇంగ్లీషు సినిమా పేర్లు. ఒక్కో పేరు పక్కన ఎర్రసిరాతో ఒక్కో మాట. అడ్మిటెడ్. రిపుడియేటెడ్, అంటే తిరస్కరించినట్టు. కొన్నింటికి ఎంక్వయిరీ.

ఆయన ఉద్యోగమంతా మచిలీపట్నం డివిజనల్ ఆఫీసులో, క్లెయిమ్స్ సెక్షన్లో గడిచింది. చనిపోయినవాళ్ళ కాగితాలు చూసి డబ్బు ఇవ్వాలో వద్దో తేల్చే పని. హాలీవుడ్‌లో 1940ల్లో, 50ల్లో వచ్చిన హత్యల సినిమాల్ని, ఇప్పుడందరూ ఫిల్మ్ నోయర్ అంటున్నవాటిని, ఆయన ఆ కళ్ళతోనే చూశారు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని చూశాను. ఆ సినిమాల్లో ఏది గట్టిది, ఏది డొల్ల అనే విషయంలో మా ఇద్దరికీ చివరిదాకా పూర్తిగా కుదరలేదు.

*

మా బాబాయి కేబుల్ కంట్రోల్ రూమ్ పవర్‌పేటలో, స్టేషన్‌కి దగ్గర్లో, ఒక డాబా మీద వేసిన రేకుల గది. బయట డిష్‌లు. లోపల ఇనప ర్యాకుల్లో రిసీవర్లు, మాడ్యులేటర్లు, రెండు వీసీఆర్‌లు. ఏ ఛానల్ బాగా వస్తోందో, ఏది చుక్కలు కొడుతోందో చూసుకోవడానికి ఒక చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఇంటర్ చదివే రోజుల్లో అక్కడ రాత్రి డ్యూటీ నాది. లోకల్ ఛానల్లో సినిమా క్యాసెట్ పెట్టాలి, ఇంటర్వెల్లో చీరల కొట్టు ప్రకటన వేయాలి, ఫోన్లు ఎత్తాలి.

"బాబూ, జెమినీ రావట్లేదు."

"ఈటీవీలో బొమ్మొస్తోంది, మాట రావట్లేదండీ."

వాన పడితే ఫోను ఆగేది కాదు. క్యాసెట్ పాతదై బొమ్మ మీద గీతలు పడితే వీసీఆర్ మూత తీసి, స్పిరిట్‌లో తడిపిన తెల్లకాగితంతో హెడ్డు మెల్లగా తుడవాలి. గట్టిగా నొక్కితే హెడ్డు పోతుంది, బాబాయి చేతిలో మనం పోతాం. వేడెక్కిన యంత్రాల మీద దుమ్ము మాడే వాసన, పావుగంటకో రైలు, రైలు వెళ్ళినప్పుడల్లా రేకుల చప్పుడు.

పిల్లలకి కార్టూన్ నెట్‌వర్క్ ఒక్కటే తెలుసు. రాత్రి కార్టూన్లు అయిపోగానే అదే ఛానల్లో టీఎన్‌టీ మొదలయ్యేది. టామ్ అండ్ జెర్రీ పోయి, తెల్లారేదాకా పాత హాలీవుడ్ సినిమాలు. ఒకావిడ ఫోన్ చేసి, మీరు కావాలనే మార్చేస్తున్నారు, మావాడు అన్నం తినకుండా గోల చేస్తున్నాడు అని నన్ను చెడామడా తిట్టింది. ఎక్కడో విదేశంలో మారుస్తారమ్మా అంటే నమ్మలేదు.

మా కనెక్షన్లన్నింట్లో ఆ ఛానల్ రాత్రిపూట చూసేది తాతగారొక్కరే అనుకుంటాను. ఒక రాత్రి బొమ్మ పోయింది. కాసేపట్లో టార్చిలైటుతో మెట్లెక్కి వచ్చేశారు.

"ఏమయ్యా, వాడెవడో తలుపు తీస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పోయింది."

రిసీవర్ వెనక వైరు కదిపితే వచ్చింది. నిలబడే చూశారు. తర్వాత స్టూలు లాక్కున్నారు. సినిమా అయ్యేదాకా లేవలేదు. ఇంట్లో కలర్ టీవీ ఉన్నా ఆ తర్వాత మా గదికే రావడం మొదలుపెట్టారు. సౌండు వల్ల కోడలికి నిద్ర చెడుతోందని చెప్పేవారు. వినేవాడొకడు దొరికాడన్నది అసలు సంగతి.

*

నాకు ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తెలుగు మీడియం. సబ్‌టైటిల్స్ లేవు. హంఫ్రీ బోగార్ట్ పెదాలు కదపకుండా మాట్లాడతాడు, అదీ రైలు స్పీడులో. మగవాళ్ళందరికీ ఒకేరకం టోపీ, ఒకేరకం కోటు. ఎవడు డిటెక్టివో ఎవడు రౌడీయో తెలిసేసరికి వాళ్ళలో ఒకడు చచ్చిపోయేవాడు.

అందుకని నేను వెలుగుని చూశాను. ఇప్పటికీ ఆ సినిమాల అసలు బలం అక్కడే ఉందని నా నమ్మకం. 1947లో వచ్చిన 'అవుట్ ఆఫ్ ది పాస్ట్'లో ఒక సీనుంది. అడవిలో చెక్క ఇల్లు, రాత్రి. రాబర్ట్ మిచమ్, అతని పాత పార్ట్‌నరు కొట్టుకుంటున్నారు. మామూలుగా అయితే కెమెరా కొట్లాట మీదే ఉండాలి. ఇక్కడ అది వదిలేసి పక్కన నిలబడ్డ జేన్ గ్రీర్ మొహం మీదికి వెళుతుంది. కొట్టుకునేవాళ్ళ నీడలు ఆమె మొహం మీద పడి పోతుంటాయి. చీకటి, వెలుగు, మళ్ళీ చీకటి. ఆవిడలో భయం లేదు. కుతూహలంగా చూస్తోంది. ఒక్క డైలాగూ లేకుండా, ఈవిడ ఇప్పుడు ఏదో చేస్తుందని పవర్‌పేటలో ఇంటర్ చదివే కుర్రాడికి తెలిసిపోయింది. చేసింది. పిస్తోలు పేలింది. ఛాయాగ్రాహకుడు నికొలస్ ముసురాకా అని చాలా ఏళ్ళ తర్వాత తెలుసుకున్నాను.

ఆ నీడలు ఎక్కణ్ణుంచి వచ్చాయో కూడా తర్వాతే చదివాను. ఫ్రిట్జ్ లాంగ్, రాబర్ట్ సియోడ్మాక్, బిల్లీ వైల్డర్ వంటివాళ్ళు బెర్లిన్‌ సినిమాల్లో పనిచేసి, హిట్లర్ రాగానే పారిపోయి హాలీవుడ్ చేరినవాళ్ళు. పక్కకి వాలిన నీడలు, మెట్ల మీద ఒకే ఒక్క దీపం వాళ్ళతోపాటు ఓడెక్కాయి. రెండో కారణం డబ్బు. యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం ఒక సినిమాకి సెట్ల కోసం 5,000 డాలర్లకు మించి కొత్త సామాను వాడకూడదని ఆంక్ష పెట్టింది. గోడ లేని చోట చీకటి పెడితే గోడ ఉందనే అనుకుంటాం.

అయితే ఆ వెలుగే తర్వాత్తర్వాత అలవాటైపోయింది. చవక సినిమాల్లో ఏ గదికెళ్ళినా కిటికీకి పట్టీల తెర ఉంటుంది, ఆ చారలు ఎవడో ఒకడి మొహం మీద పడి తీరతాయి. ఎందుకు పడ్డాయని అడిగితే జవాబుండదు. కొత్తదనం కోసం మరీ వికటించినవీ ఉన్నాయి. 'లేడీ ఇన్ ది లేక్' అనే సినిమా దాదాపు మొత్తం డిటెక్టివ్ కళ్ళతోనే తీశారు, మధ్యమధ్యలో మనకి కథ చెప్పేటప్పుడూ, అద్దంలోనూ తప్ప హీరో కనపడడు. అందరూ కెమెరాలోకి చూస్తూ మనతోనే మాట్లాడుతుంటారు. తాతగారు సగంలో లేచి, "నన్నెందుకురా అడుగుతున్నారు వీళ్ళు" అని ఇంటికెళ్ళిపోయారు. డైరీలో దానికి అడ్డంగా గీత ఉంది.

*

తాతగారి దృష్టి వేరు. ఆయనకి నీడలతో పనిలేదు.

"ముందు పాలసీ తేదీ చూడు. తర్వాత చావు తేదీ చూడు. మధ్యలో ఎన్నాళ్ళుందో అదే కథ" అనేవారు. పాలసీ తీసుకున్న కొద్దికాలానికే మనిషి పోతే వాళ్ళ భాషలో అది ఎర్లీ క్లెయిమ్. కళ్ళు మూసుకుని డబ్బు ఇచ్చేయరు, ఊరికి వెళ్ళి వాకబు చేస్తారు. ప్రపోజల్ ఫారంలో ఏం దాచారు, నామినీ ఎవరు, డాక్టరు సర్టిఫికెట్ నిజమేనా. ఆయన అలా దివిసీమ పల్లెల్లో తిరిగిన మనిషి. సినిమాలో ఎవడైనా చచ్చిపోతే ఒక్కటే ప్రశ్న: దీనివల్ల ఎవడికి ఏం వస్తుంది?

'మాల్టీస్ ఫాల్కన్' అందుకే ఆయనకి నచ్చింది. జాన్ హ్యూస్టన్ మొదటి సినిమా, 1941. అదే నవలని అంతకుముందు రెండుసార్లు తీశారు, అవి ఇప్పుడెవరికీ గుర్తులేవు. చివర్లో బోగార్ట్ తాను ఇష్టపడ్డ ఆడమనిషినే పోలీసులకి అప్పగిస్తాడు. ఎందుకు అప్పగిస్తున్నాడో ఒక్కొక్కటే లెక్కపెట్టి చెబుతాడు: పార్ట్‌నరుని చంపితే ఊరుకోకూడదు, వృత్తికి చెడ్డపేరు, రేపు నన్నూ చంపవని నమ్మకమేంటి. ఇవన్నీ ఒకవైపు. రెండోవైపు నువ్వు నన్ను ప్రేమిస్తున్నావేమో, నేను నిన్ను ప్రేమిస్తున్నానేమో అన్న ఒక్కటే. తాతగారు నాకు ఆ డైలాగు మొత్తం తెలుగులో చెప్పి, "చూశావా, అవతల పక్క ఒకటే ఎంట్రీ. దానికి కూడా వోచరు లేదు" అన్నారు. ఆ కుర్ర వయసులో నాకు బోగార్ట్ మీద చచ్చేంత కోపం వచ్చింది.

'బిగ్ స్లీప్' ఆయన్ని చాలా బాధపెట్టింది. డైరీల్లో దాని పేరు రెండు చోట్ల ఉంది. ఒకచోట ఎంక్వయిరీ, తర్వాత రిపుడియేటెడ్. ఒక ముసలి జనరల్, ఇద్దరు కూతుళ్ళు, ఒక బ్లాక్‌మెయిలు. అక్కడిదాకా బాగానే ఉంటుంది. తర్వాత వరసగా శవాలు. ఒక డ్రైవరు కారుతో సహా సముద్రంలో తేలతాడు. వాణ్ణి ఎవరు చంపారో సినిమా చెప్పదు. తాతగారు ఆ డ్రైవరు కేసు ఒక నెల మోశారు. పాల ప్యాకెట్ల దగ్గర కనపడినా, "ఏరా, ఆ డ్రైవరు సంగతి ఏమన్నా తట్టిందా?" అనేవారు. నాకేం తడుతుంది, నాకు ఇంగ్లీషే రాదు.

తర్వాత చదివితే నవ్వొచ్చింది. షూటింగ్ రోజుల్లో దర్శకుడు హోవర్డ్ హాక్స్ వాళ్ళు నవల రాసిన రేమండ్ షాండ్లర్‌నే అడిగారట, ఆ డ్రైవర్ని చంపిందెవరు అని. ఆయనకీ తెలియదట. ఇంకో ముచ్చట. 1945లో సిద్ధమైన మొదటి కాపీలో జరిగిందంతా విడమరిచి చెప్పే సీనొకటి ఉండేది. 1946లో విడుదల చేసేటప్పుడు దాన్ని తీసేసి, బోగార్ట్, లారెన్ బకాల్ గుర్రప్పందేల గురించి డబుల్ మీనింగులో కబుర్లాడుకునే సీను పెట్టారు. ఉన్న కాస్త వివరణా పోయింది, సినిమా మాత్రం బాగుపడింది. రెండు కాపీలూ ఇప్పుడు దొరుకుతాయి. చూసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు.

ఇది చెబితే తాతగారు ససేమిరా ఒప్పుకోలేదు. కథ అల్లడం చేతకాక మాటలతో కప్పేశారన్నారు. నా వాదన, ఆ ఊరి కుళ్ళంతా ఎవరికీ పూర్తిగా అర్థం కాదన్నదే ఆ సినిమా సంగతని. ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరం కొంత కొంత కరెక్టే. 'బిగ్ స్లీప్' నిలబడింది కాబట్టి తికమక కథ గొప్పదనుకుని, ఆ తర్వాత తీసిన చాలా సినిమాల్లో తికమక మిగిలింది, బకాల్ లేదు.

*

ఆడవాళ్ళ విషయం.

తాతగారు రాత్రి చూసిన కథ పొద్దున్నే కాఫీ దగ్గర మామ్మగారికి చెప్పేవారు. ఆవిడ తీర్పు సాయంత్రం నాకు చేరేది. 'పోస్ట్‌మన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్' కథ విన్నాక ఆవిడ అన్నమాట నేను మర్చిపోలేదు. అందులో లానా టర్నర్ ఒక పెద్దవయసు హోటలు యజమాని పెళ్ళాం. దారినపోయే కుర్రాడితో కలిసి మొగుణ్ణి చంపుతుంది. కానీ అంతకుముందు ఆ మొగుడు ఆమెతో ఒక్కమాట చెప్పకుండా హోటలు అమ్మేసి, కెనడాలో మంచానపడ్డ తన అక్క దగ్గరికి వెళ్ళి, పెళ్ళాం చేత చాకిరీ చేయించాలని నిర్ణయించేస్తాడు. నవ్వుతూ చెబుతాడు.

"చంపడం తప్పే. కానీ ఆ అమ్మాయిని ఒక్కమాట అడగాలని వాడికి తోచలేదేం?" అందట మామ్మగారు.

సినిమా కూడా ఆ ప్రశ్న అడగదు, అడగబోయి పక్కకి తప్పుకుంటుంది. ఈ సినిమాల పెద్ద లోపం అదే. ఆడది అందంగా ఉంటే నమ్మకూడదు, నమ్మదగినదైతే రుచీపచీ ఉండదు. 'అవుట్ ఆఫ్ ది పాస్ట్'లో జేన్ గ్రీర్ కళ్ళముందు కదుల్తుంది, ఊళ్ళో మిచమ్ కోసం ఎదురుచూసే మంచి అమ్మాయి మొహం మాత్రం ఎంత ఆలోచించినా గుర్తురాదు. మన సినిమాల్లో క్లబ్బు డాన్సరుకీ, తులసికోట దగ్గర దణ్ణం పెట్టే హీరోయిన్‌కీ మధ్య ఉన్న గోడే అక్కడా ఉంది. ఒక్క తేడా. మన క్లబ్బు డాన్సరు విలన్ చెప్పింది చేస్తుంది. వాళ్ళ ఆడవాళ్ళు సొంతంగా ప్లాను వేస్తారు. మగాడే వెనకాల నడుస్తాడు. ఆ రోజుల్లో సినిమాలు ఆడదానికి అంత తెలివి ఇవ్వడం తక్కువే. ఇచ్చినందుకు చివర్లో చంపారు, అది వేరే విషయం.

నల్లవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. రైల్లో పెట్టెలు మోసేవాడు, గ్యారేజీలో కారు తుడిచేవాడు, లిఫ్టు దగ్గర సెల్యూట్ కొట్టేవాడు. 'అవుట్ ఆఫ్ ది పాస్ట్'లోనే ఒక చిన్న సీను దానికి మినహాయింపు. మిచమ్ నల్లవాళ్ళ క్లబ్బుకి వెళ్ళి ఒకమ్మాయిని వివరాలు అడుగుతాడు. ఇద్దరూ సమానంగా, మర్యాదగా మాట్లాడుకుంటారు. ఎవరూ వెకిలిగా నవ్వరు. రెండు నిమిషాలుంటుందేమో. అంత అరుదు కాబట్టే గుర్తుండిపోయింది. 1958లో ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్'లో అయితే మెక్సికన్ ఆఫీసరు పాత్రకి చార్ల్‌టన్ హెస్టన్ మొహానికి గోధుమరంగు పూశారు. మొదటి షాటు మూడు నిమిషాలకి పైగా కట్ లేకుండా సాగే అద్భుతం. ఆ రంగు మొహం దగ్గరికి రాగానే నాకు మాత్రం పంటికింద రాయి తగులుతుంది.

*

ముగింపుల గురించి తాతగారికీ నాకూ పేచీ లేదు. ఇద్దరికీ నచ్చేవి కావు.

హాలీవుడ్‌లో 1934 నుంచి ప్రొడక్షన్ కోడ్ అనే సెన్సారు కట్టుబాటు గట్టిగా అమలైంది. నేరం చేసినవాడు సుఖపడ్డట్టు చూపించకూడదు. జేమ్స్ కెయిన్ రాసిన 'పోస్ట్‌మన్' హక్కులు ఎంజీఎం 1934లోనే కొని, 1946దాకా తీయలేకపోయింది కూడా ఇందుకే. ఆ కట్టుబాటు వల్ల ఒక మేలు జరిగింది. ఎలాగూ దొరికిపోతాడని ప్రేక్షకుడికి తెలుసు కాబట్టి, దొరుకుతాడా అన్నది పక్కనబెట్టి ఎలా దిగజారాడన్నది చూపించారు. కీడు ఏంటంటే, చివరి పది నిమిషాలు చాలాసార్లు సెన్సారు వాళ్ళే రాసినట్టుంటాయి. ఫ్రిట్జ్ లాంగ్ 'ఉమన్ ఇన్ ది విండో'లో ఒక మర్యాదస్తుడైన ప్రొఫెసరు హత్యలో ఇరుక్కుని, గంటన్నరసేపు మనకి ఊపిరాడకుండా చేసి, చివరికి నిద్రలేస్తాడు. అంతా కల. నేను ల్యాప్‌టాప్ విసిరేయబోయాను.

'ఆస్ఫాల్ట్ జంగిల్' కూడా దీన్నుంచి తప్పించుకోలేదు. నగల దోపిడీ సీను చూసి మేమిద్దరం టీ తాగడం మర్చిపోయాం. అందులో ప్లాన్ వేసిన ముసలాయన ఊరు దాటి పారిపోతూ, దారిలో హోటల్లో ఒక అమ్మాయి పాటపెట్టె ముందు డాన్సు చేస్తుంటే ఇంకొక్క పాట చూద్దామని ఆగుతాడు. ఆ కాసేపట్లో పోలీసులు వచ్చేస్తారు. ఎంత బాగా రాశారు! వెంటనే ఒక పోలీసు కమిషనరు రేడియోలు ఆన్ చేసి, ఆఫ్ చేసి, పోలీసులే లేకపోతే ఏమవుతుందో తెలుసా అని విలేకరులకి పాఠం చెబుతాడు. తాతగారు ఆ సీనులో లేచి ఒంటేలుకి వెళ్ళారు. అది అయిపోయాక స్టెర్లింగ్ హేడెన్ కడుపులో బుల్లెట్‌తో చిన్నప్పటి ఊరిదాకా కారు నడుపుకుంటూ వెళ్ళి, గుర్రాల మధ్య గడ్డిలో పడిపోతాడు. దానికోసం సరిగ్గా తిరిగొచ్చారు.

మనవాళ్ళ సంగతి అడిగితే, ఆయన బందరులో అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు రోజుకొకటి చదివిన మనిషి. యుగంధర్, అసిస్టెంటు రాజు ఆయన ఇంట్లో మనుషులే. సినిమాల్లో తమిళంలో 1954లో ఎస్. బాలచందర్ తీసిన 'అంద నాళ్' ఒక్కటే ఆయన లెక్కలో నిలబడింది. పాటల్లేకుండా తీశాడని మద్రాసు వెళ్ళినప్పుడు చూశారట. మనకి హంతకుడు గదిలో దాక్కున్నా ముందు పాట అవ్వాలి కదా అని నవ్వేవారు.

*

ఆయన ఎదురుచూసిన సినిమా మాత్రం టీఎన్‌టీలో రాలేదు. 'డబుల్ ఇండెమ్నిటీ'. కెయిన్ నవల ఎప్పుడో మద్రాసు మూర్ మార్కెట్‌లో కొని అట్ట ఊడేదాకా చదివారు. ఇన్సూరెన్సు ఏజెంటు, కస్టమర్ పెళ్ళాం కలిసి చేసే హత్య. రైలు ప్రమాదంలో పోతే పాలసీ రెట్టింపు ఇస్తుంది. మన డబుల్ యాక్సిడెంట్ బెనిఫిట్టే. రోజూ రాత్రి, "ఇవాళ పడుతుందంటావా?" అనడం, పడకపోవడం. పడదని మాకేం తెలుసు. ఆ ఛానల్ నడిపే టర్నర్ కంపెనీ చేతిలో ఉన్నవి ఎంజీఎం, వార్నర్, ఆర్‌కేఓ పాత సినిమాలు. ఇది పారమౌంట్‌ది, ఎప్పుడో యూనివర్సల్ వాళ్ళ వైపు వెళ్ళిపోయింది.

చాలా ఏళ్ళ తర్వాత నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో కుదురుకున్నాక, ల్యాప్‌టాప్‌లో వేసుకుని తీసుకెళ్ళాను. మామ్మగారు అప్పటికి లేరు. తాతగారు కాటరాక్టు ఆపరేషన్ కళ్ళద్దాలతో వరండాలో కూర్చుని, సినిమా ఆపమంటూ, మొదలుపెట్టమంటూ చూశారు.

మొగుడు కారు ఇన్సూరెన్స్ అనుకుని యాక్సిడెంట్ పాలసీ మీద సంతకం పెడతాడు. పక్కన కూతురు సాక్షి. "ఆపు. సాక్షిని కూడా పెట్టుకున్నాడు, చూశావా దొంగవెధవ" అన్నారు మెచ్చుకోలుగా. తర్వాత అతను కాలు విరిగి, కర్రల మీద రైలెక్కాలి. అతన్ని ముందే చంపేసి, ఏజెంటే కర్రలు పట్టుకుని అతనిలాగా రైలెక్కి, వెనక పెట్టెలోంచి దూకేస్తాడు. శవాన్ని పట్టాల మీద పడుకోబెడతారు. ఇక్కడ కంపెనీ పెద్ద ఆఫీసరు, ఇది ఆత్మహత్య కాబట్టి డబ్బు ఇవ్వక్కర్లేదంటాడు. ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ వేసిన కీస్, క్లెయిమ్స్ మేనేజరు, విరుచుకుపడతాడు. ఆత్మహత్యల మీద పట్టికలున్నాయి, విషం రకాన్ని బట్టి, దూకిన చోటుని బట్టి, రుతువుని బట్టి. మెల్లగా వెళ్ళే రైలు వెనకనుంచి దూకి చచ్చినవాడు ఒక్కడూ లేడు అంటాడు. తాతగారు ఆ సీను మూడుసార్లు వేయించుకున్నారు. మా ఆఫీసులో ఇలా మాట్లాడే దమ్ము ఒక్కడికీ లేదురా అన్నారు, అందులో తాను కూడా ఉన్నట్టుగా.

తర్వాత అసలైన దెబ్బ. కీస్‌కి అనుమానం ఎక్కడ వస్తుందంటే, కాలు విరిగితే పాలసీ మీద క్లెయిమ్ ఎందుకు పెట్టలేదు? పాలసీ ఉన్నట్టు అతనికే తెలియదు కాబట్టి. వేలిముద్ర, రక్తం మరక, సాక్షి ఏమీ అక్కర్లేదు. రాకపోయిన కాగితమే సాక్ష్యం. తాతగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇది. ఇదిరా క్లెయిమ్స్ అంటే" అన్నారు.

లోపాలూ పట్టుకున్నారు. ఏజెంటు ఫ్లాటు తలుపు కారిడార్‌లోకి తెరుచుకుంటుంది, హీరోయిన్ దాని వెనక దాక్కోవడానికి. "ఏ మేస్త్రీ అయినా తలుపు బయటికి పెడతాడట్రా?" నిజమే, కావాలని చేసిన మోసమే అది. బార్బరా స్టాన్విక్ పెట్టుకున్న బంగారురంగు జుట్టు విగ్గు చూసి ముందు నవ్వారు. చౌకబారుగా కనపడాలనే వైల్డర్ పెట్టాడని నేను వాదించాను. మరీ అంత చౌకగా కనపడితే ఏజెంటు పాలసీ రాస్తాడు గానీ హత్య చేయడు అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మిగతాదంతా మాత్రం గట్టిగానే ఉంది. దుమ్ము తేలే వెలుగు నేను కోరుకున్నదీ, ఎక్కడా తెగని లెక్క ఆయన కోరుకున్నదీ ఆ ఒక్క సినిమాలోనే ఒకేచోట దొరికాయి. సినిమా అంతా కీస్ చుట్టకి అగ్గిపుల్ల గీసేది ఏజెంటే. చివర నెత్తుటి మడుగులో అతని సిగరెట్టుకి కీస్ గీస్తాడు. దాని తర్వాత వైల్డర్ గ్యాస్ ఛాంబర్ సీను కూడా తీసి, అక్కర్లేదని పక్కన పడేశాడు. తాతగారు అది విని, మిగతావాళ్ళకి ఈ బుద్ధి ఎందుకు లేకపోయింది అన్నారు.

"ఇంకోటుందా?"

ఉంది. 'డిటూర్', 1945, ఎడ్గర్ ఉల్మర్ తీసింది. ఒక పేద స్టూడియో సినిమా, 68 నిమిషాలే. డబ్బు లేక వీధి సెట్టు బదులు పొగమంచు నింపారు. హీరో లిఫ్ట్ అడుగుతూ దేశం ఆ చివరికి వెళ్ళే చోట నెగెటివ్ తిరగేసి వేశారు, అందుకని అమెరికాలో కార్లు మన రోడ్డు మీద లాగా ఎడమవైపున పోతుంటాయి. అది తాతగారికి కనపడనేలేదు, ఏలూరు బైపాసే అనుకున్నారేమో. ఆయన దృష్టి కథ మీద ఉంది. హీరో చెప్పే కథ ఏమిటంటే, కారులో లిఫ్ట్ ఇచ్చినవాడు తనంతట తనే కిందపడి, తలకి దెబ్బ తగిలి చచ్చిపోయాడు. తర్వాత ఒక అమ్మాయి మెడకి టెలిఫోను వైరు చుట్టుకుని ఉండగా, తలుపు ఇవతలనుంచి తెలియక లాగాడు. అదీ అనుకోకుండానే. తాను అమాయకుణ్ణని మొదటినుంచి చివరిదాకా తన గొంతుతోనే మనకి చెబుతుంటాడు.

అయిపోయాక తాతగారు కాసేపు లెక్కవేసుకున్నారు.

"ఒకటి యాక్సిడెంట్ అంటే ఒప్పుకుంటాను. ఒకడి చేతిలో రెండు యాక్సిడెంట్లా? ఇది ఎంక్వయిరీకి రాయాల్సిందే" అని, డైరీ తెమ్మని లోపల కోడల్ని కేకేశారు.